నాలుగో ఏడు సంగతి అడిగిన సార్

మా సార్ పోయాడన్న కబురు మా బీఏ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. దుఃఖం కొద్దీ నమ్మకపోవడం కాదు, ఆ గ్రూపు చరిత్ర తెలిసి నమ్మకపోవడం. అంతకుముందు అదే గ్రూపు మా కాలేజీ అటెండర్‌ని కూడా చంపేసింది. దండం బొమ్మలు వరుసగా పడుతుండగానే ఆయన ఫోన్ చేసి, "నా ఫొటో జర మంచిది దొరకలేదార మీకు?" అని అడిగాడు.

అందుకని నేను దండం పెట్టకుండా నేరుగా సార్ నంబరుకే ఫోన్ చేశాను. పోయాడో లేదో తెలుసుకోవడానికి పోయినాయనకే ఫోన్ చేయడం తిక్కపనిగా కనిపించవచ్చు. ఆయన దగ్గర చదివినవాళ్లకు కనిపించదు. "ముచ్చట ఎవనిదో వాన్నే అడగాలె. పక్కోడు జెప్పేది సాక్ష్యం గాదు" అనేవాడు.

ఫోన్ ఆయన అన్న కూతురు ఎత్తింది. నిజమేనంది. ఎప్పుడని అడిగాను. తెల్లారగట్ల అంది. ఏమైందని అడిగాను. గుండె అంది. దవాఖానకు తీసుకుపోయారా అని అడిగాను. ఈసారి ఆమే నన్ను అడిగింది.

"మీరు చిన్నాయన స్టూడెంటా?"

"అవును. ఎట్ల తెల్సింది?"

"పొద్దుగాల నుంచి ఫోన్ జేసినోళ్లందరు ఏడ్చిన్రు. మీరొక్కరే అడుగుతున్నరు."

సార్ మాకు వనపర్తిలో పొలిటికల్ సైన్స్ చెప్పాడు. సొంతూరు తిమ్మాజిపేట పక్కన. సన్నటి మనిషి, మెడ కొంచెం ముందుకు వంచి, ఎక్కడో ఏదో మాడుతున్న వాసన పట్టినట్టు నడిచేవాడు. కాలేజీలో ఆయన అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వాడలేదు. అందరికీ డౌట్ సార్.

హోటల్లో చాయ్ గ్లాసు కడుగుతుంటే లేచి వెళ్లి చూసేవాడు. చూశాక కూడా తనకిచ్చిన గ్లాసు తీసుకునేవాడు కాదు, పక్కది తీసుకునేవాడు. "నాకని ఏరి ఇచ్చినోడు నా మేలు కోరి ఇచ్చిండని ఏం నమ్మకం?" హోటలాయన అలిగి ఒకరోజు పక్క గ్లాసే ముందుకు జరిపాడు. సార్ ఆ రోజు చాయ్ తాగలేదు.

బస్సెక్కే ముందు ఇది నాగర్‌కర్నూల్ పోతుందా అని కండక్టర్‌ని అడిగేవాడు. తర్వాత అటువైపు తిరిగి వెళ్లి డ్రైవర్‌ని విడిగా అడిగేవాడు. లోపలికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన్ని అడిగేవాడు. బోర్డు మీద నాగర్‌కర్నూల్ అని రాసే ఉంటుంది. "రాసినోడు బస్సు నడుపుతుండా?" అనేవాడు.

టీచర్స్ డే నాడు మేం శాలువా కప్పితే, ఫొటో తీయకముందే దాన్ని విప్పి నాలుగు మూలలూ తిప్పి చూశాడు. పోయినేడు కప్పి బీరువాలో దాచిందే మళ్లీ కప్పారని ఆయన అనుమానం. మూలకు ఆయనే పెట్టుకున్న సిరా చుక్క కనబడింది. కాలేజీ మొత్తం తల దించుకుంది. ఆయనంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

క్లాసులో ఎవడైనా తప్పు జవాబు చెప్తే ఏమీ అనేవాడు కాదు. సరైన జవాబు చెప్తేనే కష్టం. "ఎవరు జెప్పిన్రు?" అనేవాడు. పుస్తకంలో ఉంది సార్ అంటే, పుస్తకం రాసినవాడికి ఎవరు చెప్పారని అడిగేవాడు. ఆ దారిలో వెనక్కి పోతే మేం దసరా నాటికి మొదటి పాఠంలోనే ఉండేవాళ్లం. మా అందరి పేరు మీద రాజ్యాంగం రాసుకున్నారని చెబుతూ, "మీ తాతను పిలిచి అడిగిన్రార? అడగలే. మంచిదే రాసిన్రనుకో. కని మంచిదే రాసిన్రని నువ్వు జదివి జెప్పాలె, నేను జెప్తే గాదు" అన్నాడు. చెప్పినదాన్ని నమ్మొద్దని చెప్పే మాస్టారిని నమ్మాలా వద్దా అన్నది మాకు మూడేళ్లూ తేలలేదు.

ఒకసారి, జనం దగ్గర దరఖాస్తులు తీసుకునే రోజున, మమ్మల్ని ఒక ఆఫీసుకు తీసుకుపోయాడు. బయట పెద్ద లైను. మేం నోటు పుస్తకాలు తీసి లైన్లో వాళ్లని ప్రశ్నలు అడగబోయాం. ఆపాడు.

"లైన్ల ఉన్నోళ్లని ఏం జూస్తరు. లైన్ల నిలబడకుంట లోపటికి పోయినోడు ఎట్ల పోయిండో చూడున్రి. గదే మీ సబ్జెక్టు."

అట్లాంటి మనిషి ముందుకు, నా రెండో ఏడు చివర్లో, హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చి, మాకు ఒక సంవత్సరం ఉచితంగా ఇస్తానంది.

సంగతి ఇది. మామూలుగా బీఏ పొలిటికల్ సైన్స్ మూడేళ్లు. దాని మీద పబ్లిక్ పాలసీలో పీజీ రెండేళ్లు. మొత్తం ఐదు. మేడమ్ పనిచేసే యూనివర్సిటీ మా కాలేజీతో కలిసి కొత్త పద్ధతి పెడుతోంది. మూడో ఏడులోనే పీజీ పేపర్లు కొన్ని రాయొచ్చు, అవి బీఏలోనూ లెక్కకొస్తాయి, పీజీలోనూ లెక్కకొస్తాయి. నాలుగేళ్లలో రెండు డిగ్రీలు. తెర మీద రెండు గీతలు ఒకదాని మీదికి ఒకటి వచ్చి కలుస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కాస్త గట్టిగానే కొట్టాను. నాకు ఆ సంవత్సరంతో పని ఉంది.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. మా దగ్గర చీర నడిమి భాగం నూలు, అంచు పట్టు. నేస్తున్నప్పుడే రెండింటినీ పోగుపోగుకూ ముడేయాలి. దానికి ఒక మనిషి చాలడు. నేసేవాడి పక్కన కూర్చుని అంచు పోగు మోసే నాడె విసరడానికి ఇంకో మనిషి కావాలి. నాయిన నేస్తాడు. అమ్మకు చూపు ఆనదు. ఆ ఇంకో మనిషి ఎవరన్నదే మా ఇంటి రాజకీయం. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. ఇంటర్ పాసైంది, మార్కులు నాకంటే ఎక్కువ. ఇద్దరూ కాలేజీకి పోతే మగ్గం ఆగుతుంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు చదవాలని నాయిన తీర్పు చెప్పాడు. ముందు నేను. మగపిల్లవాణ్ని కాబట్టి అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

"జల్ది జదువుకోని రార. నీ ఎనకనే నేను లైన్ల ఉన్న" అనేది అక్క, నాడె విసురుతూ.

కాబట్టి మిగిలే సంవత్సరం నాది కాదు, అక్కది. హాల్లో కూర్చునే అక్కకు మెసేజ్ పెట్టాను, ఒక సంవత్సరం ముందే వస్తున్నానని. అక్క నుంచి ఒక్క మాట వచ్చింది: "ఒట్టు?"

అప్పుడే వెనక వరస నుంచి సార్ లేచాడు. అందరికీ ఇచ్చిన బిస్కెట్ పొట్లం ఆయన ముందు విప్పకుండానే ఉంది.

"మేడమ్, నాలుగో ఏడు సంగతేంది?"

"నాలుగో ఏడు పూర్తయ్యాక రెండు డిగ్రీలూ ఒకేసారి ఇస్తాం సార్" అంది ఆమె నవ్వుతూ.

"నాలుగో ఏడు పూర్తిగాకపోతే?"

"పిల్లలు చురుగ్గా ఉన్నారు. పూర్తి చేస్తారు."

"చేయనోడి సంగతి అడుగుతున్న. మూడేండ్లు జదివిండు. నాలుగో ఏట్ల ఇంట్ల ఏదో అయింది, ఆగిపోయిండు. వాని చేతిల బీఏ ఉంటదా?"

మేడమ్ కాగితాలు తిప్పింది. నిబంధనల ప్రకారం రెండూ కలిపే ఇస్తారు.

"అంటే వాడు ఇంటర్ పాసయినోడే. రేపు గ్రూప్స్ రాద్దామన్నా డిగ్రీ లేదు. నాలుగేండ్లు జదివి ఇంటర్."

"మంచి ప్రశ్న" అంది మేడమ్. మంచి ప్రశ్న అన్నాక ఎవరూ జవాబు చెప్పరని నాకు ఆ రోజు తెలిసింది. కమిటీలో పెడతామంది. కమిటీ దాన్ని తిప్పి తిప్పి, మూడేళ్లకు బీఏ విడిగా చేతికివ్వాలని మార్చింది. మార్చేసరికి మా బ్యాచ్ దాటిపోయింది. పద్ధతి మా తర్వాతి వాళ్లతో మొదలైంది.

అక్కకు ఫోన్లో చెప్పాను. వెనక నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఆ సార్‌కు నా మీద ఏం పగర?" అంది చివరికి.

పగ గురించి నాకు తెలియదు కానీ, వారంలోపే ఒక సమాచారం దొరికింది. సార్ అన్న కూతురు మా కాలేజీలోనే, మా కింది క్లాసులో ఉంది. అంటే కొత్త పద్ధతిలో మొట్టమొదట చేరేది ఆమె బ్యాచే, అదీ సవరించిన నిబంధనలతో. లైన్లో నిలబడకుండా లోపలికి పోయిన మనిషి నాకు స్పష్టంగా కనిపించాడు. మెడ ముందుకు వంచి పోతున్నాడు.

వనపర్తి బస్టాండులో పట్టుకున్నాను. అప్పుడే డ్రైవర్‌ని అడిగి ముసలాయన కోసం వెతుకుతున్నాడు.

"సార్, మీ అన్న బిడ్డ సెకండియర్ల ఉందంట గద."

"ఉన్నది."

"ఆ మీటింగ్‌ల మీరు అడగకుంటే పద్ధతి మాకే వస్తుండె. ఇప్పుడు ఆమెకొస్తది."

"వస్తది."

దబాయిస్తాడనుకున్నాను. బాధపడతాడనుకున్నాను. రెండింటికీ సిద్ధమై వచ్చాను. ఆయన మాత్రం బస్సు వదిలేసి నన్ను పక్కకు లాగాడు. ముఖం శాలువా మూల చూసిన రోజులాగా ఉంది.

"ఇన్నేండ్ల సర్వీసుల ఒక్కడన్న నన్ను అనుమానిస్తడని చూస్తున్నర. మొత్తం మీద ఒకనికి పాఠం ఎక్కింది. దా, చాయ్ తాగుదాం."

"సార్, మరి నిజమేనా?"

"నేను గాదంటే నమ్ముతవా?"

"నమ్మను."

"ఇగ నన్నెందుకు అడుగుడు? ఆధారం ఎతుక్కో." అని, గ్లాసులు మార్చుకున్నాక నా వైపు తిరిగాడు. "నాదైంది. నీ సంగతి జెప్పు. సంవత్సరం పోయిందని గింత పరేషాన్ అవుతున్నవ్, ఆ సంవత్సరంతోని నీకేం పని?"

అక్క సంగతి చెప్పాను. మగ్గం, నాడె, లైను, అంతా. విన్నాడు. జాలి పడతాడేమోనని చూశాను.

"కత మంచిగుంది" అన్నాడు.

ఆదివారం నాడు చెప్పాపెట్టకుండా గద్వాలలో మా ఇంటికొచ్చాడు, కత నిజమో కాదో చూడ్డానికి. నాయిన చీర కొనడానికొచ్చిన బేరగాడనుకుని చాప వేశాడు. సార్ అంచు పట్టుదేనా అని అడిగాడు. పట్టే సార్ అన్నాడు నాయిన. సార్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి, కింద పడున్న ఒక తెగిన పోగు ఏరి, అంటించి, బూడిద వేళ్లతో నలిపి వాసన చూశాడు. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ ఆ పని చేయలేదు. నాయిన నా వైపు చూసి, "ఎవర్రా ఈ సారు?" అన్నాడు. "మా సారే, నాయినా" అన్నాను. "జదువు గిట్లనే జెప్తడా?" "గిట్లనే జెప్తడు."

అక్క మాత్రం ఎవరో పోల్చుకుంది. నాడె ఆపలేదు, తల ఎత్తలేదు.

"నాలుగేండ్లల అయిపోయేదాన్ని ఐదు జేసింది మీరేనా సార్?"

"నేనే బిడ్డా."

"ఆ మిగిలే ఏడు నాదుండె."

"మీ తమ్ముడు నాలుగో ఏట్ల ఆగిపోతే?"

"వాడెందుకు ఆగుతడు?"

"నువ్వెందుకు ఆగినవ్?"

అక్క చేతిలో నాడె నిలిచింది. నాయిన దగ్గాడు. నాయిన దగ్గు మా ఇంట్లో అధ్యక్షుడి సుత్తి లాంటిది, దాని తర్వాత చర్చ ఉండదు. సార్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి కొనసాగించాడు.

"నీకు మార్కులు ఎక్కువొచ్చినయంట. మరి నువ్వే ఆగినవ్. గట్లాంటి ఇండ్లకెళ్లే వస్తరు నా పిల్లలు. అందరు పూర్తి జేస్తరని ఆ మేడమ్ అంటే నేనెట్ల నమ్మాలె?"

"సరే సార్. నమ్మకున్రి" అంది అక్క. "గిప్పుడు నేనేం జేయాలె? ఇంకో ఏడు ఎక్కువ కూసోవాలె, గంతే గద?"

"వాడు అయిపోయినంకనే నువ్వని ఎవరు జెప్పిన్రు?"

అక్క నాయిన వైపు చూసింది. నాయిన నా వైపు చూశాడు. నేను అగ్గిపెట్టె వైపు చూశాను.

"ఓపెన్ డిగ్రీ ఉన్నది. క్లాసులు ఆదివారం. ఆదివారం వీడొచ్చి అంచు నాడె ఇసురుతడు. ఏమ్రా?"

"వస్త సార్" అన్నాను.

"వీడు వస్తడని నాకు నమ్మకం లేదు" అన్నాడు సార్ నాయినతో, బయల్దేరుతూ. "మీకున్నదా?"

నాయిన మొదటిసారి ఆయనతో ఏకీభవించాడు.

ఆ మిగిలిన చదువంతా ఆదివారాలు ఎట్లా గడిచాయో చెప్పాలి. పదకొండింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చేది. తన నంబరైతే నేను సిద్ధమవుతానని ఆయన ఎప్పుడూ తన ఫోన్ వాడేవాడు కాదు. ఒకసారి మందుల షాపాయన ఫోన్, ఒకసారి లింగాలలో ఏదో పెళ్లికి పోయి వంటాయన ఫోన్. నమస్తే లేదు, బాగున్నావా లేదు.

"చప్పుడు వినిపియ్యి."

నేను ఫోన్ మగ్గం దగ్గర పెట్టేవాణ్ని. టకటక వినేవాడు. పెట్టేసేవాడు. హైదరాబాద్‌లో పబ్లిక్ పాలసీ పీజీకి పోయాక కూడా శనివారం రాత్రి రైలెక్కేవాణ్ని, ఆదివారం చప్పుడు వినిపించేవాణ్ని. ఒక ఆదివారం గద్వాలలోనే దోస్తు ఇంట్లో క్రికెట్ చూస్తూ, ముందే రికార్డు చేసుకున్న మగ్గం చప్పుడు పెట్టాను. శ్రద్ధగా విన్నాడు.

"మంచిగుంది. మీ నాయిన దగ్గు ఏది?"

అరగంటలో నేను మగ్గం దగ్గరున్నాను.

పీజీ క్లాసులో మాకు ఒక పెద్ద పాఠం ఉండేది. పథకం పెట్టాక అది నిజంగా జరుగుతోందా లేదా అని ఎట్లా తనిఖీ చేయాలన్నది. బోలెడన్ని పద్ధతులు, బొమ్మలతో సహా. నేను వెనక బెంచీలో కూర్చుని ఇదంతా మా సార్ వంటాయన ఫోన్‌తో చేస్తాడని అనుకునేవాణ్ని. పైకి అనలేదు, మార్కులు వాళ్లు వేయాలి.

అట్లా బీఏ మూడు, పీజీ రెండు, ఐదూ పూర్తిచేశాను. అధికారం ఎవరి దగ్గరుంటుందో పొలిటికల్ సైన్స్ చెప్పింది. దాంతో ఏం చేయాలో పబ్లిక్ పాలసీ చెప్పింది. ఉద్యోగం ఎవరి దగ్గరుందో రెండూ చెప్పలేదు. నేను అయిపోయిన ఏడాదే అక్క డిగ్రీ కూడా అయిపోయింది. హైదరాబాద్‌లో నేను చదివిన పీజీకే దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. సార్ పోయిన మర్నాడే అక్క ప్రయాణం.

తిమ్మాజిపేట పోయేసరికి అంతా అయిపోయింది. ఆయన అన్న కూతురు వాకిట్లో కుర్చీలు సర్దుతోంది. మూడేళ్లుగా దాచుకున్న ప్రశ్న ఒకటి నా దగ్గరుంది. అట్లాంటి చోట అడగకూడదు. అడిగాను.

"ఆ రోజు మీటింగ్‌ల సార్ అడిగింది మీ కోసమేనా?"

ఆమెకు కోపం రాలేదు. ఆ ఇంటి మనిషి కదా.

"నేను చేరిన. నాలుగో ఏట్ల మా నాయిన పడి నడుము ఇరగ్గొట్టుకుండు. నేను ఆగిపోయిన. బీఏ చేతిల ఉండె గావట్టి మానవపాడుల చిన్న కొలువు దొరికింది. లేకుంటే ఇంటరే."

"అంటే మీ కోసమే."

"నేను గూడ గట్లనే అనుకోని అడిగిన. నేను ఆగుతనని నీకు ముందే తెల్సా చిన్నాయనా అని."

"ఏమన్నడు?"

"'ఎవరో ఒకరు ఆగుతరని తెల్సు. నువ్వు ఆగవని మాత్రం నేనెప్పుడు నమ్మలే' అన్నడు."

అది ఔనో కాదో ఇద్దరం కాసేపు ఆలోచించాం. తేలలేదు. తేలకుండానే చాయ్ తాగాం.

రాత్రికి గద్వాల చేరాను. అక్క బ్యాగు సర్దుతోంది. నాయిన మగ్గం పక్కన ఖాళీ జాగా వైపు చూస్తున్నాడు.

"సార్ నిజంగనే పోయిండా?" అంది అక్క.

"నిజమే. పోయి చూసొచ్చిన."

అక్క సర్దడం ఆపి, మడతపెట్టిన చున్నీనే మళ్లీ మడతపెట్టింది. "నేను గూడ వచ్చేదాన్ని" అంది. తర్వాత, "రేపు రిపోర్ట్ జేయకపోతే సీటు వేరేటోళ్లకిస్తరు" అంది. నాకు చెప్పినట్టు లేదు.

"మగ్గం సంగతేంది?" అన్నాడు నాయిన గోడతో.

"నేను కూసుంట నాయినా."

"రెండు డిగ్రీలు జేసి అంచు నాడె ఇసురుతవా?"

"ఇసురుత. పబ్లిక్ పాలసీల దీన్ని అమలు అంటరు."

"ఎన్ని దినాలు?"

"అక్క అయిపోయేదాంక."

"నడుమ కొలువొస్తే?"

"పక్కన కూసునే మనిషిని మాట్లాడి, కుదిరిచ్చి పోత. ఖాళీగ ఇడిసిపెట్టి పోను."

నాయిన అమ్మ వైపు చూశాడు. చూపు ఆనని అమ్మ కూడా నా వైపు అదోలా చూసింది.

పొద్దున బస్టాండులో బ్యాగు పైన పెట్టించి దిగాను. అక్క కిటికీ దగ్గర కూర్చుంది. హితవు చెప్పలేదు, కళ్లు తుడుచుకోలేదు, ఫోన్ చేయమనలేదు. బస్సు కదిలింది. అక్క మెడ తిప్పి నా వైపే చూస్తూ ఉండిపోయింది. పక్క సీటావిడ తమ్ముడి మీద ఎంత ప్రేమో అనుకుని ఉంటుంది. అక్క చూస్తున్నది నేను ఇంటివైపు మళ్లుతానా, బజారువైపు మళ్లుతానా అని.

ఇంటివైపే మళ్లాను. బస్సు మలుపు తిరిగాక కూడా అటే నడిచాను.